గట్టు వాలులో, గెడ్డ అంచులో మినీ ట్రాక్టరుతో గడ్డి కోత: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్దానంలో జీడి తోట ఉన్నవారు ఫిబ్రవరికల్లా చెట్ల కింద నేల శుభ్రం చేసుకోవాలి. లేకపోతే రాలిన పిక్క గడ్డిలో కలిసిపోయి ఏరేవాళ్ళకు కనపడదు. బొబ్బిలి, గజపతినగరం వైపు మామిడి తోటల్లోనూ కాయ కోతకు ముందు ఇదే పని. చెరువు గట్లు, కాలవ గట్ల మీద వానాకాలంలో పెరిగిన తుప్పలు సరేసరి. కూలీలు దొరకడం కష్టమయ్యాక ఈ పనికి మినీ ట్రాక్టరు, దాని వెనక తిరిగే బ్లేడుతో గడ్డి నరికే స్లాషర్ వచ్చాయి. చదును నేలలో వాటితో ఏ ఇబ్బందీ లేదు. మెట్ట వాలులోకి దించినప్పుడూ, గెడ్డ (వాగు) అంచుకు చేరినప్పుడూ లెక్క మారిపోతుంది. అద్దెకు పిలిచే రైతులు, కొత్తగా బండి కొన్న కుర్రాళ్ళు మమ్మల్ని ఎక్కువగా అడిగేవి కింద ఉన్నాయి.

ఎంత వాలు వరకు ట్రాక్టరు దించవచ్చు?

పొడి నేల, గట్టి నేల అయితే 15 డిగ్రీలు. అంతకు మించితే ట్రాక్టరు పని కాదు. వాలుకు అడ్డంగా నడపాల్సి వస్తే మేము 10 డిగ్రీల దగ్గరే ఆగిపోతాం. తడి గడ్డి మీద ఆ పది కూడా ఎక్కువే.

కంటితో చూసి చెప్పే డిగ్రీలను నమ్మొద్దు. కింద నుంచి చూస్తే ఒకలా, పై నుంచి చూస్తే ఒకలా కనిపిస్తుంది. మీటరు పొడవున్న తిన్నని కర్ర తీసుకోండి. ఒక కొన వాలు మీద ఆనించి, రెండో కొనను పల్లం వైపు చాపి, కర్రను మట్టంగా పట్టుకోండి. గాలిలో ఉన్న కొన నుంచి నేల దాకా టేపుతో కొలవండి. 18 సెంటీమీటర్లు వస్తే వాలు 10 డిగ్రీలు, 27 వస్తే 15. మట్టం చూడ్డానికి మేస్త్రీల లెవెల్ గొట్టం ఉంటే మంచిది, ఫోనులో లెవెల్ యాప్ అయినా చాలు. ఒక్క చోట కొలిచి ఊరుకోకుండా, మరీ నిటారుగా కనిపించే చోట్ల కూడా కొలవండి. తోట మొత్తం ఎనిమిది డిగ్రీలున్నా గెడ్డ వైపు చివరి నాలుగు బారలు ఇరవై ఉండొచ్చు.

మినీ ట్రాక్టరు చిన్నదీ పొట్టిదీ కదా, పెద్దదానికంటే తక్కువగా బోల్తా పడదా?

చాలామంది అలాగే అనుకుంటారు. బండి పొట్టిదే, కానీ చెట్ల వరసల మధ్య దూరేలా దాన్ని సన్నగా కూడా చేస్తారు. చక్రాల మధ్య దూరం తగ్గితే పక్కకు ఒరిగే గుణం పెరుగుతుంది.

లెక్క వేసి చూడండి. చక్రాల మధ్య దూరం మీటరు అనుకుందాం. పదిడిగ్రీల వాలులో అడ్డంగా వెళ్తున్నారు. పై వైపు చక్రం పది సెంటీమీటర్ల రాయి ఎక్కింది, అదే క్షణంలో పల్లం వైపు చక్రం పది సెంటీమీటర్ల ఎలుక బొరియలోకి దిగింది. ఆ రెండూ కలిసి ఇంకో 11 డిగ్రీలు చేర్చేశాయి. మీరు పదిలో నడుపుతున్నామనుకుంటే బండి ఇరవై ఒకటిలో ఉంది. మన గట్ల మీద ఎలుక బొరియలు, పీత బొరియలు లేని చోటు చూపించండి చూద్దాం.

రిమ్ములు తిప్పి బిగించి చక్రాలను వెడల్పు చేసుకునే వీలు చాలా మోడళ్ళలో ఉంటుంది. వాలు పని ఎక్కువగా ఉంటే ఆ ఒక్క పని చేయించండి. టైర్లలో గాలి రెండు వైపులా సమానంగా ఉందో లేదో చూసుకోండి. పల్లం వైపు టైరులో గాలి తక్కువుంటే వాలు పెరిగినట్టే.

వాలుకు అడ్డంగా నడపాలా, పైకీ కిందికీ నడపాలా?

వీలైనంత వరకు పైకీ కిందికీ. ఇంకా చెప్పాలంటే, కోస్తూ కిందికి దిగండి, పైకి రావడానికి పక్కనున్న చదును దారి పట్టండి. చుట్టు తిరిగి రావడానికి పట్టే డీజిల్ కోసం ఆలోచించకండి. వేరే దారి లేకపోతే రివర్సులో ఎక్కండి. వెనక స్లాషర్ బరువు వేలాడుతున్నప్పుడు ముందుకు ఎక్కితే ముందు చక్రాలు తేలిపోతాయి. స్టీరింగు తేలిగ్గా తిరుగుతున్నట్టు అనిపించిందంటే నేల మీద పట్టు పోయిందని అర్థం. ముందు వెయిట్లు ఉంటే తగిలించండి.

దిగే ముందే, పైన చదునులో ఉండగానే మూడు పనులు చేయాలి. లో గేరు వేయాలి. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే వేయాలి. కుడి, ఎడమ బ్రేకు పెడళ్ళను కలిపే కొక్కెం వేయాలి. దమ్ములో గిరుక్కున తిప్పడానికి ఒక్క వైపు బ్రేకు తొక్కే అలవాటు మనవాళ్ళందరికీ ఉంది. పెడళ్ళు విడిగా ఉండగా వాలులో కంగారుగా ఒక్కటి తొక్కితే బండి అడ్డం తిరుగుతుంది, అక్కడి నుంచి దొర్లడమే. ఇక ఫోర్ వీల్ ఎందుకంటే, చాలా ట్రాక్టర్లకు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. దిగేటప్పుడు బరువు ముందుకు పోయి వెనక చక్రాలు తేలికవుతాయి. ఫోర్ వీల్ వేస్తే ఇంజను పట్టు నాలుగు చక్రాలకూ అందుతుంది.

వాలు మధ్యలో క్లచ్ తొక్కొద్దు, గేరు మార్చొద్దు, న్యూట్రల్ చేయొద్దు. తిరిగేటప్పుడు నెమ్మదించండి. వేగం రెండింతలైతే బండిని బయటికి తోసే బలం నాలుగింతలవుతుంది.

గెడ్డ అంచుకు, కందకం అంచుకు ఎంత దూరం ఉండాలి?

గొయ్యి ఎంత లోతో కనీసం అంత దూరం. రెండు మీటర్ల లోతు కందకమైతే మీ పల్లం వైపు చక్రం అంచు నుంచి రెండు మీటర్ల ఇవతల ఉండాలి. చక్రం కింద పడే బరువు నేలలోకి ఏటవాలుగా దిగుతుంది. అంచుకు దగ్గరైతే ఆ ఒత్తిడి గోడ పక్క నుంచి బయటికి తన్నుకొస్తుంది, మట్టి పెళ్ళ పెళ్ళగా జారిపోతుంది.

ఇది మామూలు నేలకు చెప్పిన లెక్క. దూరం ఇంకా పెంచాల్సిన చోట్లు మన దగ్గర చాలా ఉన్నాయి. ఉద్దానం ఇసుక నేలల్లో అంచు గట్టిగా కనిపిస్తుంది, గడ్డి వేళ్ళు పట్టి ఉంచడం వల్ల. కిందంతా వదులు. జేసీబీతో తోట చుట్టూ తవ్వించిన కందకాలకు గోడలు నిటారుగా ఉంటాయి, ఒక్క వానాకాలానికే లోపల కోసుకుపోయి పైన చూరులా మిగులుతుంది. పక్కకు వెళ్ళి ఎదుటి గట్టు నుంచి చూస్తే గానీ ఆ చూరు కనపడదు. గెడ్డ మలుపుల్లో బయటి అంచు కూడా అంతే.

కాలవ గట్ల విషయం ఒకటి ఎవరూ పట్టించుకోరు. గొట్టా బ్యారేజీ నుంచి వచ్చే వంశధార కాలవలు కానివ్వండి, తోటపల్లి కాలవలు కానివ్వండి, నిండుగా పారుతున్నప్పటికంటే నీరు దించేసిన కొత్తలో గట్టు బలహీనం. గట్టు లోపల మట్టి ఇంకా నానే ఉంటుంది, దాన్ని బయటి నుంచి ఆనుకున్న నీరు మాత్రం పోయింది. నీరు పోయింది కదా, ఇక తుప్పలు కొట్టేద్దాం అని సరిగ్గా అప్పుడే మమ్మల్ని పిలుస్తారు. కొన్ని రోజులు ఎండనివ్వండి.

క్లచ్ తొక్కినా బండి ఆగకుండా ముందుకు పోయింది. క్లచ్ పాడైందా?

పాడవలేదు. అది స్లాషర్ తోసిన తోపు. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు పూర్తిగా చదవండి, అంచుల దగ్గర బండి గోతిలో పడటానికి దీనంత మోసపు కారణం ఇంకోటి లేదు.

స్లాషర్ బ్లేడు బరువైనది. పీటీఓ, అంటే ట్రాక్టరు వెనక పనిముట్లను తిప్పే కొస, నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంటే గేరుబాక్సు దాటాక బ్లేడు ఇంకా జోరుగా తిరుగుతుంది. మీరు క్లచ్ తొక్కితే ఇంజను నుంచి బలం ఆగుతుంది కానీ బ్లేడు వెంటనే ఆగదు. సింగిల్ క్లచ్ ఉన్న పాత బండ్లలో పీటీఓ, చక్రాల గేర్లు లోపల ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి. తిరుగుతున్న బ్లేడు తనను పీటీఓకు కలిపే షాఫ్టును తిప్పుతుంది, షాఫ్టు గేర్లను తిప్పుతుంది, గేర్లు చక్రాలను తోస్తాయి. మీ కాలు క్లచ్ మీద ఉండగానే బండి ఇంకో రెండు మూడు బారలు వెళ్తుంది. అంచు రెండు బారల దూరంలోనే ఉంటే?

దీనికి మందు ఓవర్‌రన్నింగ్ క్లచ్. పీటీఓ కొసకూ షాఫ్టుకూ మధ్య తొడిగే చిన్న ముక్క. సైకిల్లో ఫ్రీవీల్ చేసే పనే అది చేస్తుంది, తిప్పడం ఒక వైపుకే, తిరిగి తోయడం ఉండదు. అది తొడిగాక షాఫ్టు పొడవు సరిపోతుందో లేదో సరిచూసుకోవాలి, పొడవెక్కువైతే స్లాషర్ ఎత్తినప్పుడు గేరుబాక్సును గుద్దుతుంది. డ్యూయల్ క్లచ్, ఇండిపెండెంట్ పీటీఓ ఉన్న బండ్లలో ఈ బాధ ఉండదు. మీ బండి ఏ రకమో తెలియకపోతే చదును పొలంలో పరీక్షించండి: స్లాషర్ తిప్పుతూ లో గేరులో నెమ్మదిగా నడుపుతూ క్లచ్ పూర్తిగా తొక్కి, బండి వెంటనే నిలిచిందో, సాగిందో చూడండి. ముందు ఎవరూ ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదు.

మరి అంచు మీద మిగిలిపోయిన గడ్డి ఎవరు కోస్తారు?

మనిషే. బ్రష్ కట్టర్, లేదా కొడవలి. రైతులకు మా మీద కోపం వచ్చేది ఇక్కడే: "బండికి గంటల లెక్కన ఇస్తున్నాం, మళ్ళీ కూలి మనిషిని పెట్టుకోవాలా?" పెట్టుకోవాలండి. ఎకరం తోటలో అంచు మీద మిగిలేది ఒక పట్టీ. దానికి ఒక పూట కూలి అవుతుంది. గోతిలో పడిన బండిని బయటికి తీయడానికి జేసీబీని పిలిస్తే ఎంతవుతుందో మీకే తెలుసు, మనిషి సంగతి పక్కన పెట్టినా.

కందకం లోపలి గోడ మీద గడ్డిని మొత్తం గొరిగేయొద్దని కూడా చెబుతాం. దర్భ, గరిక వేళ్ళు ఆ గోడను పట్టి ఉంచుతున్నాయి. జానెడు ఎత్తు వదిలేసి కోస్తే చాలు.

పక్కకు జరిపే స్లాషర్లు ఉన్నాయట, వాటితో అంచు కోయలేమా?

కోయొచ్చు, చదును మీద బండి నిలబడి స్లాషర్ మాత్రం పక్కకు వెళ్ళే పద్ధతి మంచిదే. కాకపోతే బరువు కూడా పక్కకు పోతుంది. దాన్ని పల్లం వైపు జరిపి వాలులో నడిపితే బండిని మీరే పల్లంలోకి లాగినట్టు. మినీ ట్రాక్టరుకు తేలికపాటిదే తగిలించాలి. మామూలు స్లాషర్ విషయంలోనూ అడుగు వెడల్పుకు సుమారు 5 హెచ్‌పీ అనుకోండి. 24 హెచ్‌పీ బండికి నాలుగడుగులది సరిపోతుంది. అయిదడుగులది చవగ్గా వచ్చిందని తగిలించేవాళ్ళు ఉన్నారు.

కోతకు ముందు తోటలో నడిచి చూడాలంటారు. ఏం చూడాలి?

ఒక కర్ర పట్టుకుని మొత్తం నడవండి. గడ్డి నడుము ఎత్తుంటే ఇంకా జాగ్రత్తగా. మొట్టమొదట వెతకాల్సింది నేలబావిని. వరలు లేని, గోడ లేని పాత నుయ్యిలు జీడి తోటల్లో తుప్పలు కమ్మేసి ఉంటాయి. ఊళ్ళో పెద్దవాళ్ళను అడిగితే ఎక్కడున్నాయో చెబుతారు, తోట కొత్తగా కొన్నవాళ్ళకు తెలియకపోవచ్చు. తర్వాత ఉపాధి హామీలో తవ్విన కందకాలు, పంట కుంటలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పడగొట్టిన చెట్ల మొదళ్ళు ఇప్పటికీ కొన్ని తోటల్లో మిగిలి ఉన్నాయి. పైకి చెదలు పట్టి మెత్తగా కనిపించినా లోపల చేవ అలాగే ఉంటుంది. రీసర్వేలో పాతిన హద్దు రాళ్ళు, తెగి పడిన ముళ్ళ తీగ, మోటారు తీగలు, కరెంటు స్తంభం స్టే వైరు. పుట్టలు. చెట్టు కొమ్మల్లో తేనెపట్టు, తుప్పల్లో కందిరీగల గూడు; వాలు మధ్యలో కందిరీగలు ముసిరితే ఎవరి చేతులూ స్టీరింగు మీద ఉండవు.

కనిపించిన ప్రతి దాని దగ్గర పొడుగాటి కర్ర పాతి పైన ఎర్ర గుడ్డ కట్టండి. సిమెంటు సంచి ముక్క అయినా సరే, సీటు మీద నుంచి కనపడాలి.

దురదగొండి తీగ ఉందేమో కూడా చూడండి. కాయ ఎండాక దాని మీదుగా స్లాషర్ పోతే నూగు గాలిలో లేస్తుంది. ఆ తర్వాత మీరు బండి నడిపే స్థితిలో ఉండరు.

రోప్స్, సీటు బెల్టు నిజంగా అవసరమా?

రోప్స్ అంటే డ్రైవరు వెనక నిలబెట్టే ఇనుప చట్రం, బండి దొర్లినా మనిషి మీద బరువు పడకుండా కాసేది. చట్రం ఉంటే బెల్టు పెట్టుకోవాలి. బెల్టు లేకపోతే బండి దొర్లేటప్పుడు మీరు చట్రం బయటికి విసిరేయబడి, అదే చట్రం కింద పడతారు. చట్రం లేని బండిలో బెల్టు పెట్టుకోకూడదు. జీడి కొమ్మలు కిందికి ఉంటాయి కాబట్టి మడిచే చట్రాలను మడిచేసి అలాగే వదిలేస్తుంటారు. మడిచి ఉంటే లేనట్టే లెక్క. తోట దాటి వాలుకు వచ్చాక నిలబెట్టి పిన్ను వేయండి, బెల్టు అప్పుడు పెట్టుకోండి.

చట్రం లేని బండితో వాలు పని చేయమని మేము ఎవరికీ చెప్పం. మన జిల్లాల్లో తిరిగే బండ్లలో చాలావాటికి అది లేదని తెలిసే చెబుతున్నాం.

బండి జారడం మొదలైతే ఏం చేయాలి?

చక్రాలు బిగుసుకుని జారుతుంటే బ్రేకు వదలండి, చక్రం దొర్లితేనే స్టీరింగు మాట వింటుంది. మూతిని పల్లం వైపుకే తిప్పండి. మనసు పైకి తిప్పమంటుంది, తిప్పితే పక్కకు పడుతుంది. లిఫ్ట్ లివర్ నొక్కి స్లాషర్ను నేలకు దించేయండి, అది లంగరులా ఈడుస్తుంది. చట్రం, బెల్టు ఉంటే దూకొద్దు. స్టీరింగు గట్టిగా పట్టుకుని సీటులోనే ఉండండి.

మనుషులు, పశువులు ఎంత దూరంలో ఉండాలి?

బ్లేడు కొస సెకనుకు 70 మీటర్ల పైగా వేగంతో తిరుగుతుంది, అంటే గంటకు 250 కిలోమీటర్లు. దానికి తగిలిన కంకర రాయి వంద మీటర్ల దాకా పోగలదు. వాలులో పై వైపు ఉన్నా, కింద వైపు ఉన్నా రాయికి ఒకటే. ముందూ వెనకా గొలుసుల తెర ఉన్న స్లాషరే వాడండి, తెగిన గొలుసులు వేయించండి. రోడ్డు పక్క గట్టయితే చివర్లలో ఇద్దర్ని నిలబెట్టి, బండ్లు వచ్చినప్పుడు పీటీఓ ఆపండి. స్లాషర్ పైకెత్తి కొట్టడం మానేయండి. తుప్పల తలలు నరకడానికి అలా చేస్తుంటారు, బ్లేడు బయటపడి రాళ్ళు నేరుగా వస్తాయి.

మడ్‌గార్డు మీద ఎవరినీ కూర్చోబెట్టొద్దు. పిల్లల్ని అసలే వద్దు, ఎంత ఏడ్చినా.

షాఫ్టు దగ్గర జాగ్రత్తలేంటి?

సెకనుకు 9 చుట్లు. లుంగీ అంచో, మెడలో తువ్వాలో, ఏరడానికి వచ్చిన ఆడవాళ్ళ చీర కొంగో అందుకుంటే వెనక్కి లాక్కునే వ్యవధి ఉండదు. ప్లాస్టిక్ కవరు లేని షాఫ్టుతో పని మొదలుపెట్టొద్దు. తువ్వాలు తలకు చుట్టి బిగించండి లేదా ఇంటి దగ్గర వదిలేయండి, ప్యాంటు వేసుకోండి.

బ్లేడుకు తీగ చుట్టుకుంటే వాలులో విప్పొద్దు. చదునుకు తెచ్చి, పీటీఓ ఆపి, ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని, బ్లేడు పూర్తిగా నిలిచాక. లిఫ్ట్ మీద నమ్మకంతో స్లాషర్ కిందకు దూరొద్దు, కింద దుంగలు పెట్టండి.

రోజులో ఏ వేళ మంచిది?

మంచు ఆరాక, పది దాటాక. చలికాలం తెల్లవారుజామున గడ్డి ఎంత తడిగా ఉంటుందో చెప్పక్కర్లేదు. సాయంత్రం నీడలు పొడుగయ్యే వేళకు ఆపేయండి, గుంతలు కనపడవు. దిగి నడిచేటప్పుడు బూట్లు ఉండాలి. రక్తపింజరి గడ్డిలో కదలకుండా పడి ఉంటుంది, చప్పుడుకు పారిపోయే రకం కాదు. కాటు పడితే కట్లు కట్టడం, కోయడం వద్దు. కాలు కదపకుండా 108కి చెప్పి, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి.

బండి కందకంలో ఒరిగిపోయింది. చక్రాల ముందు దుంగ కట్టి బయటికి తెచ్చుకోవచ్చా?

వద్దు. వెనక చక్రాలు దుంగ అడ్డుపడి తిరగలేకపోతే, వాటికి బదులు బండి మొత్తం ఇరుసు చుట్టూ తిరుగుతుంది. ముందు భాగం లేచి వెనక్కి పడటానికి సెకనున్నర చాలు, క్లచ్ తొక్కాలన్న ఆలోచన వచ్చేసరికే ఆలస్యమైపోతుంది. ఇంకో ట్రాక్టరుతో లాగించినా గొలుసును దాని వెనక కింద ఉండే డ్రాబార్‌కే కట్టాలి. టాప్ లింకుకో, ఎత్తులో ఉన్న ఇరుసుకో కడితే లాగే బండి కూడా ఇలాగే లేస్తుంది. స్లాషర్ విడదీసి, చక్రాల ముందు మట్టి తవ్వి, రివర్సులో ప్రయత్నించండి. రాకపోతే జేసీబీని పిలవండి. లాగేటప్పుడు గొలుసు పొడవుకు రెండింతల దూరంలో కూడా ఎవరూ నిలబడకూడదు.

చెరువు గట్టు, కాలవ గట్టు ఎవరిని అడిగి కోయాలి?

కాలవ గట్లు జలవనరుల శాఖవి. వాళ్ళతో, నీటి సంఘంతో మాట్లాడండి. చిన్న చెరువైతే పంచాయతీలో కూడా చెప్పండి. మదుము (తూము), కళింగ (అలుగు) దగ్గర రాతి కట్టడం పక్కన ట్రాక్టరు తిప్పొద్దు, ఆ రాళ్ళ వెనక మట్టి ఎప్పుడూ డొల్లే.

డ్రైవరు వచ్చి వాలు చూసి "ఇక్కడ కుదరదు" అంటే డబ్బులివ్వాలా?

వచ్చిన డీజిల్ ఖర్చు ఇవ్వడం ధర్మం. అంతకంటే మంచిది, పిలిచే ముందే మీటరు కర్రతో కొలిచి ఆ సెంటీమీటర్లు ఫోనులో చెప్పడం, అంచుల ఫోటోలు ఎదుటి గట్టు నుంచి తీసి పంపడం. 27 దాటిందని చెబితే మేము బండి బదులు బ్రష్ కట్టర్ మనిషిని పంపుతాం.